ఫార్ ల్యాప్ కథలో సైసు పేరేది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఫార్ ల్యాప్ అనే పందెపు గుర్రం మీద రెండు పేజీల కథనం వేశారు. మన పత్రికల్లో గుర్రప్పందేల ఊసు వచ్చిందంటే అది పోలీసు దాడి వార్తయినా అయివుంటుంది, బెట్టింగులో ఇల్లు గుల్ల చేసుకున్నవాడి వార్తయినా అయివుంటుంది. ఒక గుర్రం బతుకు గురించి రాయడం అరుదు. అందుకు మెచ్చుకోవాల్సిందే. కానీ రాసినదాంట్లో ముప్పాతిక వంతు చావు గురించే ఉంది. అమెరికా మాఫియా విషం పెట్టి చంపిందని తేల్చేశారు. గెలుపులన్నిటికీ దాని పెద్ద గుండే కారణమన్నారు. ఆ గుర్రాన్ని కంటికి రెప్పలా కాచిన సైసు టామీ వుడ్‌కాక్ పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనబడలేదు. నా ఫిర్యాదు అదే. ఆ మనిషిని తీసేస్తే చావు కథ కూడా తప్పుగానే వస్తుంది. ఎందుకంటున్నానో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నేను పశుసంవర్ధక శాఖలో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తెనాలి స్టేషను బయట ఇంకా జట్కాలు వరసగా నిలబడి ఉండేవి. నేను వైద్యం చేసిన గుర్రాలన్నీ దాదాపు ఆ జట్కా గుర్రాలే. థరోబ్రెడ్ అనే ఖరీదైన పందెపు జాతి గుర్రానికి సూది వేసే అవకాశం నాకెప్పుడూ రాలేదు. అయితే కడుపులో నొప్పి పుడితే దానిదీ దీనిదీ ఒకటే బాధ. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. పందేలు కాసే అలవాటు నాకు లేదు, అది కూడా చెప్పేస్తే మంచిది.

మా అమ్మాయి వాళ్ళు మెల్‌బోర్న్‌లో ఉంటారు. ఊరికి పడమటి వైపు పాయింట్ కుక్, టార్నీట్ లాంటి పేటల్లో ఇప్పుడు సాయంత్రం నడకకు వెళితే తెలుగు వినపడుతుంది. నవంబరు మొదటి మంగళవారం అక్కడ సెలవు. ఏం పండగమ్మా అంటే, "పండగ కాదు నాన్నా, గుర్రప్పందెం" అంది. మెల్‌బోర్న్ కప్ అన్నమాట. సంక్రాంతి కోడిపందేలకు మన గోదావరి జిల్లాల్లో ఎవరినీ అడక్కుండానే సెలవు తీసేసుకుంటారు గానీ, పందెం కోసం ప్రభుత్వమే సెలవు ఇవ్వడం నేను అక్కడే చూశాను.

ఫార్ ల్యాప్‌ను చూసింది కార్ల్‌టన్ గార్డెన్స్‌లో ఉన్న మెల్‌బోర్న్ మ్యూజియంలో. వెలుతురు తగ్గించిన చోట, అద్దాల పెట్టెలో నిలబడి ఉంటుంది. ముదురు ఎరుపు ఒళ్ళు. వీపు దగ్గర ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, అంటే నేను పక్కన నిలబడితే దాని వీపు మీదుగా అవతలి మనిషి కనపడడు. మా మనవడు అద్దానికి ముక్కు ఆనించి, "తాతయ్యా, ఇది రియలా, బొమ్మా?" అన్నాడు. తోలు నిజం, లోపల బొమ్మ అని చెప్పాను. 1932లో గుర్రం చనిపోయాక న్యూయార్క్‌లోని జోనాస్ బ్రదర్స్ అనే సంస్థ ఆ తోలును బొమ్మకు తొడిగింది. నేను వృత్తిరీత్యా చూసేది కాళ్ళూ కండలూ. ముంగాలి కీలు, భుజం మీద కండ విడిపోయిన తీరు చూస్తే, ఆ పని చేసినవాళ్ళకు గుర్రం ఒళ్ళు బాగా తెలుసనిపించింది.

పుట్టుక సంగతి మీ కథనంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు కాబట్టి కొంచెం చెబుతాను. ఫార్ ల్యాప్ ఆస్ట్రేలియాలో పేరు తెచ్చుకుంది గానీ పుట్టింది న్యూజీలాండ్‌లో, తిమారు దగ్గర సీడౌన్‌లో, 1926 అక్టోబరు 4న. తండ్రి నైట్ రెయిడ్, తల్లి ఎంట్రీటీ. రెండూ పెద్ద పేరున్నవి కావు. సిడ్నీలో హ్యారీ టెల్ఫోర్డ్ అనే ట్రైనర్ ఉండేవాడు. చేతిలో డబ్బు లేదు, మంచి గుర్రమూ లేదు. కానీ గుర్రాల వంశావళులు మాత్రం బాగా చదివేవాడు. వేలం కేటలాగులో ఈ పిల్ల పూర్వీకుల పేర్లు చూసి దీన్ని వదలకూడదనుకున్నాడు. కొనే స్తోమత లేక డేవిడ్ డేవిస్ అనే అమెరికా వ్యాపారిని ఒప్పించాడు. 1928 జనవరిలో న్యూజీలాండ్‌లోని ట్రెంటమ్ వేలంలో 160 గిన్నీలకు (గిన్నీ అంటే పౌండు కంటే కాస్త ఎక్కువ) పాట ఖాయమైంది.

ఓడ దిగిన పిల్లను చూసి డేవిస్ మండిపడ్డాడు. మొహం నిండా పులిపిర్లు, ఒంటికి పొంతన లేని కాళ్ళు. దీని శిక్షణకు పైసా ఇవ్వనన్నాడు. అప్పుడు టెల్ఫోర్డ్ ఆ గుర్రాన్ని మూడేళ్ళకు కౌలుకు తీసుకున్నాడు. మేపుడు, శిక్షణ ఖర్చు టెల్ఫోర్డ్‌ది. గెలిచిన సొమ్ములో రెండు వంతులు అతనికి, ఒక వంతు డేవిస్‌కి. మా గుంటూరు జిల్లా రైతులకు ఈ లెక్క వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. కౌలు గడువు తీరాక టెల్ఫోర్డ్ 4,000 పౌండ్లు పెట్టి సగం వాటా కొనుక్కున్నాడు. 160 గిన్నీల గుర్రంలో సగానికి అంత ధర పలికిందంటే మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవచ్చు.

పేరు సిడ్నీలో చదువుకుంటున్న ఆబ్రీ పింగ్ అనే వైద్య విద్యార్థి సూచించాడు. మెరుపు అని అర్థం. అయితే మెరుపు మెరవడానికి చాలా టైం పట్టింది. విత్తులు కొట్టించి, ఇసుక దిబ్బల మీద పరుగెత్తించి, 1929 ఫిబ్రవరిలో సిడ్నీ రోజ్‌హిల్‌లో మొదటి పందేనికి దింపితే అన్నిటికంటే ఆఖరున వచ్చింది. మొదటి గెలుపు ఐదో పందెంలో, ఏప్రిల్ 27న. మొదటి తొమ్మిది పందేల్లో గెలిచింది ఆ ఒక్కటే. మీ కథనం నమ్మితే ఆ గుండె పుట్టుకతోనే అంత పెద్దది. మరి ఆ తొమ్మిది పందేల్లో అదెక్కడికి పోయింది?

ఇక్కడే టామీ వుడ్‌కాక్ గురించి చెప్పాలి. అసలు పేరు ఆరన్ వుడ్‌కాక్. జాకీ అవుదామని చిన్నప్పుడే లాయంలో చేరినవాడు. టెల్ఫోర్డ్ దగ్గర గుర్రాన్ని చూసుకునే పని దొరికింది. మన మలక్‌పేట రేసుకోర్సులో ఈ పని చేసేవాణ్ణి సైసు అంటారు. పొద్దున్నే మాలీషు చేయడం, గిట్టలు శుభ్రం చేయడం, దాణా కలపడం, కాళ్ళు తడిమి ఎక్కడైనా వేడి తగులుతోందా చూడడం, రాత్రి లాయంలో పడుకోవడం, అన్నీ అతని పనే. గెలిచినప్పుడు ఫొటోలో యజమాని ఉంటాడు, ట్రైనర్ ఉంటాడు, జాకీ ఉంటాడు. సైసు కళ్ళెం పట్టుకుని ఒక పక్కగా ఉంటాడు. చాలాసార్లు పత్రికవాళ్ళు ఆ పక్కను కత్తిరించేస్తారు.

వుడ్‌కాక్ ఆ గుర్రాన్ని బాబీ అని పిలిచేవాడు. చక్కెర గడ్డలు పెట్టేవాడు. అతని చేత్తో తప్ప ఇంకెవరు పెట్టినా సరిగా తినేది కాదని అప్పటివాళ్ళు చెప్పుకునేవారు. 1929 చలికాలం దాటేసరికి గుర్రం మారిపోయింది. ఏజేసీ డెర్బీ, విక్టోరియా డెర్బీ అనే పెద్ద పందేలు రెండూ గెలిచింది. ఆ ఏడాది మెల్‌బోర్న్ కప్‌లో మూడో స్థానం. మొత్తం మీద 51 పందేలు, 37 గెలుపులు. ఆఖరి 41 పందేల్లో 36 గెలిచింది. మధ్యలో వరసగా 14 గెలిచింది. అప్పుడు అక్కడ మాంద్యం. పనులు లేక జనం ఉచిత సూపు కోసం లైన్లలో నిలబడుతున్న రోజులు. అలాంటప్పుడు, మొహం నిండా పులిపిర్లతో వచ్చిన చవక గుర్రం గొప్పవాళ్ళ గుర్రాలన్నిటినీ ఓడిస్తుంటే జనానికి ఎంత సంతోషమై ఉంటుందో వేరే చెప్పాలా.

సంతోషం లేనిది బుకీలకు. 1930లో జనం డబుల్స్ కాశారు. కాల్ఫీల్డ్ కప్ అమౌనిస్ అనే గుర్రం గెలుస్తుంది, మెల్‌బోర్న్ కప్ ఫార్ ల్యాప్ గెలుస్తుంది అని రెండిటినీ కలిపి కాయడమన్నమాట. అమౌనిస్ గెలిచేసింది. ఇక ఫార్ ల్యాప్ కూడా గెలిస్తే బుకీలు మునిగిపోతారు. నవంబరు 1, శనివారం తెల్లవారుజామున వుడ్‌కాక్ తన పొట్టి గుర్రం మీద కూర్చుని, ఫార్ ల్యాప్‌ను పక్కన నడిపించుకుంటూ, మెల్‌బోర్న్‌లో గ్లెన్ హంట్లీ అనే పేటలోంచి లాయానికి తిరిగి వస్తున్నాడు. వీధిలో ఒక కారు ఆగి ఉంది. లోపలివాళ్ళు మొహాలకు పేపర్లు అడ్డం పెట్టుకున్నారు. వుడ్‌కాక్‌కు అనుమానం వచ్చింది. కారు వెనకాలే వచ్చి దగ్గర పడేసరికి తన గుర్రాన్ని అడ్డం తిప్పి, ఫార్ ల్యాప్‌ను కంచె వైపు నెట్టి, తను మధ్యలో ఉన్నాడు. కారులోంచి తుపాకీ పేలింది. గురి తప్పింది. జీతానికి పనిచేసే కుర్రాడు, వయసు పాతికేళ్ళు. అడ్డం నిలబడమని అతనికి ఎవరూ చెప్పలేదు. మీ కథనంలో ఇదంతా 'కాల్పుల నుంచి తృటిలో తప్పించుకున్న గుర్రం' అని ఒక్క వాక్యంలో తేలిపోయింది. గుర్రం దానంతటది తప్పించుకోలేదండీ.

ఆ మధ్యాహ్నమే ఫార్ ల్యాప్ ఫ్లెమింగ్టన్‌లో మెల్‌బోర్న్ స్టేక్స్ గెలిచింది. తర్వాత దాన్ని గీలాంగ్ దగ్గర సెయింట్ ఆల్బన్స్ అనే గుర్రాల ఫారంలో దాచారు. కప్ రోజున, నవంబరు 4న, పందెం వేళకు తీసుకొచ్చారు. జాకీ జిమ్ పైక్. పందెం ధర ఎనిమిదికి పదకొండు. అంటే పదకొండు పౌండ్లు కాస్తే ఎనిమిదే లాభం. మెల్‌బోర్న్ కప్ చరిత్రలో కాసినదానికంటే లాభం తక్కువగా ఉన్న ఫేవరెట్ ఇదొక్కటే. మూడు లెంగ్త్‌ల తేడాతో, అంటే మూడు గుర్రాల పొడవంత ముందు, గెలిచింది. అంతటితో ఆపారా? గురువారం లిన్‌లిత్‌గో స్టేక్స్, మళ్ళీ శనివారం సి.బి. ఫిషర్ ప్లేట్. ఎనిమిది రోజుల్లో నాలుగు పందేలు, నాలుగూ గెలుపులే. దూరాలు కలిపితే ఐదుముప్పావు మైళ్ళు, అదీ పందెపు వేగంతో. పశువుల డాక్టరుగా ఆ లెక్క చూస్తే నాకు ముచ్చట వేయదు, కోపం వస్తుంది.

బరువు సంగతి కూడా మీరు వదిలేశారు. మెల్‌బోర్న్ కప్ హ్యాండిక్యాప్ పందెం. మలక్‌పేటకు వెళ్ళేవాళ్ళకు ఇది తెలిసిందే. మంచి గుర్రానికి ఎక్కువ బరువు, నాసి గుర్రానికి తక్కువ బరువు పెట్టి అన్నిటినీ సమానం చేస్తారు. జాకీ బరువు చాలకపోతే జీనులో సీసపు పలకలు పెట్టి నింపుతారు. 1930 కప్‌లో ఫార్ ల్యాప్ మోసింది 62 కిలోల పైన. రెండు మైళ్ళ పందెంలో అదే చాలా ఎక్కువ. గెలిచింది కాబట్టి మరుసటి ఏడాది 68 కిలోలు పెట్టారు. 1931 కప్‌లో అది ఎనిమిదో స్థానంలో వచ్చింది. వైట్ నోస్ అనే గుర్రం గెలిచింది, ఇంకా చెప్పాలంటే సీసం గెలిచింది. మీరు దాన్ని 'ఫామ్ కోల్పోయిన ఏడాది' అన్నారు. అదే గుర్రం నాలుగు నెలల తర్వాత వేరే ఖండంలో ఏం చేసిందో చూస్తే ఫామ్ ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది.

అమెరికా తీసుకెళ్ళాలన్నది డేవిస్ పట్టుదల. టెల్ఫోర్డ్‌కు ఇష్టం లేదు, వెళ్ళలేదు. గుర్రంతో ట్రైనర్‌గా వుడ్‌కాక్ వెళ్ళాడు. అంటే సైసు ట్రైనరయ్యాడు. వేసవి మధ్యలో ఓడెక్కిన గుర్రం అటు దిగేసరికి చలికాలం. పందెం మెక్సికోలో, టిజువానా దగ్గర అగువా కాలియంటే రేసుకోర్సులో. పచ్చిక మీద పరుగెత్తడం అలవాటైన గుర్రానికి అక్కడ మట్టి ట్రాకు. దానికి తోడు గిట్ట చీలింది. 1932 మార్చి 20న, జాకీ బిల్లీ ఎలియట్ వీపు మీద ఉండగా, ఆ చీలిన గిట్టతోనే మైలుంపావు పందెం గెలిచి ట్రాకు రికార్డు కొట్టింది. బహుమతి 50 వేల డాలర్లు. ఆ తర్వాత మరి పందెం లేదు.

పదహారు రోజులకు, ఏప్రిల్ 5న, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మెన్లో పార్క్‌లోని ఒక ఫారంలో గుర్రం చనిపోయింది. పొద్దున్నే నొప్పితో, జ్వరంతో ఉండడం వుడ్‌కాక్ చూశాడు. కొన్ని గంటల్లో అతని చేతుల్లోనే రక్తం పోయి ప్రాణం విడిచింది. కోసి చూస్తే కడుపు, పేగులు బాగా వాచి ఉన్నాయి.

జట్కా గుర్రానికి కడుపునొప్పి వస్తే ఎలా ఉంటుందో చెబుతాను. ముందు కాలితో నేల గీరుతుంది. మెడ తిప్పి డొక్క వైపు చూసుకుంటుంది. పడుతుంది, లేస్తుంది, మళ్ళీ పడి దొర్లుతుంది. డొక్కకు చెవి ఆనిస్తే గుడగుడమని పేగుల చప్పుడు వినపడాలి. వినపడకపోతే మన గుండె జారుతుంది. గుర్రం మనలా వాంతి చేసుకోలేదు. పేగు కదలకపోతే నీళ్ళన్నీ వెనక్కి కడుపులో చేరతాయి, ముక్కులోంచి గొట్టం వేసి తీస్తే తప్ప బయటికి రావు. ఆ సమయంలో నేను గుర్రం కంటే ముందు జట్కా అతన్ని చూసేవాణ్ణి. ఎప్పుడు లద్దె వేసింది, నీళ్ళు తాగిందా, నిన్న ఎవరి గడ్డి, దాణా మార్చావా, ఒళ్ళు కాలుతోందా? సగం రోగం అతని నోటి నుంచే తెలిసేది. పక్కన ఎవరూ లేని గుర్రం వస్తే నాకు భయం వేసేది.

అందుకే వుడ్‌కాక్ లేకుండా ఫార్ ల్యాప్ చావు గురించి మాట్లాడకూడదంటున్నాను. జ్వరం సంగతి అతను చూసి చెప్పిందే. ఆ ఒక్క మాట చాలా ముఖ్యం. పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) ఎక్కువగా తిన్న పశువు చల్లబడుతుంది, కాళ్ళూ చెవులూ మంచులా అవుతాయి. నాకు తెలిసిన మేరకు జ్వరం దాని లక్షణం కాదు. పేగు పైభాగం ఉన్నట్టుండి వాచిపోయే ఒక జబ్బు గుర్రాల్లో ఉంది. 1980ల్లో గానీ దాన్ని విడిగా గుర్తించలేదు. జ్వరం, విపరీతమైన నొప్పి, కొన్ని గంటల్లో ప్రాణం పోవడం దాని లక్షణాలు. ప్రయాణాల అలసట, కొత్త మేత ఉన్న గుర్రానికి అది రావడంలో వింతేమీ లేదు.

మరి పాషాణం దొరికింది కదా అంటారు. దొరికింది. మెల్‌బోర్న్‌లో ఉన్న తోలు నుంచి జూలు వెంట్రుకలు తీసి షికాగో దగ్గరి సింక్రోట్రాన్‌లో, అంటే చాలా శక్తివంతమైన ఎక్స్‌రేలు పుట్టించే పెద్ద యంత్రంలో, పరీక్షించారు. వెంట్రుక మొదలు నుంచి పెరుగుతుంది కాబట్టి, మొదలు దగ్గర ఏముందో చూస్తే ఆఖరి రోజుల్లో రక్తంలో ఏముందో తెలుస్తుంది. తోలు చెడిపోకుండా పూసిన పాషాణాన్నీ, రక్తంలోంచి వచ్చిన పాషాణాన్నీ విడదీసి చూసి, చావుకు 30 నుంచి 40 గంటల ముందు పెద్ద మోతాదు లోపలికి వెళ్ళిందని 2006లో ప్రకటించారు, 2008లో మళ్ళీ ధ్రువీకరించారు. పరీక్షను నేను తప్పుపట్టను. కానీ అది చెప్పేది పాషాణం లోపలికి వెళ్ళిందని మాత్రమే. ఎవరి చేతి మీదుగా, ఏ ఉద్దేశంతో అన్నది వెంట్రుకలో ఉండదు.

ఆ రోజుల్లో పాషాణం మందు కూడా. ఆకలి పుట్టడానికి, ఒళ్ళు నిగనిగలాడడానికి గుర్రాలకు పాషాణం కలిసిన టానిక్కులు పట్టేవారు. టెల్ఫోర్డ్ చేతిరాతతో ఉన్న టానిక్కుల నోటు పుస్తకం 2008లో అమ్మకానికి వస్తే మెల్‌బోర్న్ మ్యూజియం వాళ్ళే కొన్నారు. అందులో పాషాణం ఉంది, స్ట్రిక్నిన్ అనే ఇంకో విషం ఉంది. చంచాలో కొంచెం తేడా వస్తే చాలు. ఇంకో సంగతి, ఆ చుట్టుపక్కల చెట్లకు పాషాణం కలిసిన పురుగుమందు కొట్టారని అప్పుడే అనుమానించారు.

ఈ పురుగుమందు మాట చదివినప్పుడు నాకు మా పత్తి చేల రోజులు గుర్తొచ్చాయి. ఒకసారి ఒక రైతు పాడి గేదె చచ్చిపోయే స్థితిలో ఉందని పరుగున వచ్చాడు. నోట్లో నురగ, వణుకు. హద్దు తగాదా ఉన్న పొరుగువాడే విషం పెట్టాడని అతని నమ్మకం. ఊళ్ళో కర్రలు కూడా లేచాయి. నేను గేదె సంగతి చూసి, మేపిన కుర్రవాణ్ణి పక్కకు పిలిచి పొద్దుటి నుంచీ ఎక్కడెక్కడ తిప్పావురా అని అడిగాను. పత్తి చేను గట్టు మీద, అన్నాడు. ఆ చేనుకు ముందు రోజే మందు కొట్టారు. చేను ఎవరిదనుకున్నారు? ఆ గేదె గల రైతుదే. ఆ కుర్రవాణ్ణి అడగకపోతే ఆ రోజు మనుషుల తలలు పగిలేవి.

నా అభిప్రాయం అడిగితే, పేగు జబ్బు ఒకటి, టానిక్కో పురుగుమందో వల్ల వచ్చిన పాషాణం ఒకటి, రెండూ ఒకేసారి ఉండి ఉండొచ్చు. హత్య అనడానికి మాత్రం నాకు ఆధారం కనపడదు. గుర్రం ఆఖరి పందెం అప్పటికే అయిపోయింది. మెల్‌బోర్న్‌లో కాల్చినవాళ్ళకు కారణం ఉంది, కాలిఫోర్నియాలో విశ్రాంతి తీసుకుంటున్న గుర్రాన్ని చంపితే ఎవరికేం లాభం? మాఫియా అన్న మాటకు సినిమా కళ ఉంది, అంతే. పైగా 'దగ్గరివాళ్ళ చేయి ఉండొచ్చు' అని మీ కథనం ఆఖర్లో ఒక ముక్క విసిరారు. పేరు రాయకుండా వుడ్‌కాక్ మీద విసిరిన రాయి అది. తుపాకీకి అడ్డం నిలబడ్డ సంగతి రాయకుండా, అనుమానం మాత్రం రాయడం అన్యాయం.

గుండె గురించి రెండు మాటలు. బరువు 6.2 కిలోలు, మామూలు గుర్రానికి నాలుగు కిలోల లోపు. పెద్ద గుండె రక్తాన్ని ఎక్కువగా తోస్తుంది, నిజమే. ఇసుక దిబ్బల మీద చేయించిన కసరత్తు కూడా గుండెను పెంచుతుంది. అందులో పుట్టుకతో వచ్చింది ఎంత, పనితో పెరిగింది ఎంత అని కోసి చూసి చెప్పగల డాక్టరు లేడు.

వుడ్‌కాక్ తర్వాతి జీవితం కూడా మీ పాఠకులకు తెలియాలి. ఆస్ట్రేలియా తిరిగి వెళ్ళి, తనూ ట్రైనరయి, మెల్‌బోర్న్‌లో చిన్న లాయం పెట్టుకున్నాడు. పెద్ద గుర్రాలేమీ చేతికి రాలేదు. చివరికి డెబ్బై దాటాక రెక్‌లెస్ అనే గుర్రం దొరికింది. 1977లో అది సిడ్నీ, అడిలైడ్, బ్రిస్బేన్ కప్‌లు మూడూ గెలిచి మెల్‌బోర్న్ కప్‌కు వచ్చింది. ఆ పందెంలో ఊరంతా ఆ ముసలాయన గెలవాలనే కోరుకుంది. రెక్‌లెస్ రెండో స్థానంలో వచ్చింది. ఆయన 1985లో పోయాడు.

ఇక సవరణలు. మీరు వేసిన అస్థిపంజరం ఫొటో కింద 'మెల్‌బోర్న్ మ్యూజియంలో' అని ఉంది. ఎముకలు న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో, టె పాపా మ్యూజియంలో ఉన్నాయి. గుండె కాన్‌బెర్రాలో, నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆస్ట్రేలియాలో ఉంది. మెల్‌బోర్న్‌లో ఉన్నది తోలు మాత్రమే. 2010లో కప్‌కు 150వ పందెం అని ఎముకలను కొన్నాళ్ళు అరువు తెచ్చి తోలు పక్కన పెట్టారు. మీ ఫొటో అప్పటిది కావచ్చు. అలాగైతే ఆ సంవత్సరం రాయాలి.

ఉత్తరం పొడుగైందని నాకూ తెలుసు. స్థలం చాలకపోతే నా జట్కా కబుర్లు, గేదె సంగతి కొట్టేయండి, ఏమీ అనుకోను. టామీ వుడ్‌కాక్ పేరున్న పేరాలు మాత్రం ఉంచండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
తెనాలి